బాల్కనీ లైట్లకు రెగ్యులేటర్

పొద్దున ఏడున్నరకు సక్కుబాయి వంటింట్లో మనుమరాలి డబ్బాలో ఉప్మా సర్దుతోంది. హాల్లో రామచంద్రం అయిదేళ్ల దేవిశ్రీకి బూట్లు తొడగబోయి, కుడిది ఎడమకాలికి తొడిగి, "తాతా, ఉల్టా!" అనిపించుకున్నాడు. కోడలు రోహిణి ఒక చేత్తో తడిజుట్టు దులుపుకుంటూ ఇంకో చేత్తో ఫోను చూసుకుంటోంది. చూసేవాళ్లకు అన్ని ఇళ్లలాంటి ఇల్లే. అందులో ఒక మనిషి తక్కువని తెలియాలంటే చెప్పుల స్టాండు కింది అరలో ఎనిమిది నెలలుగా కదలని మగవాళ్ల బూట్ల జతను చూడాలి.

అవి వేణువి. రామచంద్రం, సక్కుబాయిల ఒక్కగానొక్క కొడుకు, రోహిణి భర్త. బాలానగర్ ఇరుకింట్లో పెరిగి, హైటెక్ సిటీలో ఉద్యోగం తెచ్చుకుని, కోకాపేటలో తొమ్మిదో అంతస్తులో ఫ్లాటు కొని, తల్లిదండ్రుల్ని వెంట తెచ్చుకున్నాడు. మార్చి నెలలో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి బండి మీద వస్తూ సర్వీసు రోడ్డు మలుపు దగ్గర లారీ కింద పడ్డాడు. ఆసుపత్రికి చేరేదాకా కూడా ప్రాణం ఆగలేదు.

"అత్తమ్మా, అసోసియేషన్ వాళ్లు మెసేజ్ పెట్టిన్రు. దీపావళికి అందరి బాల్కనీలల్ల లైట్లు ఉండాల్నంట" అంది రోహిణి, ఫోనులోంచి తలెత్తకుండా.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

"మనకు పండుగ లేదని చెప్పు."

"పండుగకు కాదు అత్తమ్మా. ఊరికే ఎలిగిద్దామంటున్న. కట్టినయి కట్టినట్టే ఉన్నయ్ గద."

"ఏడాది ఎల్లలేదు బిడ్డా. ఈ ఏడు మనకు నోము లేదు, దీపం లేదు. సావైన ఇంట్ల లైట్లు పెట్టుకుంటే నలుగురు ఏమంటరు?"

"ఈ టవర్ల మన పేరు తెలిసినోళ్లే నలుగురు లేరు. ఎవరంటరు?"

దేవిశ్రీ రెండో బూటు తనే తొడుక్కుంటూ మధ్యలో దూరింది. "నానమ్మా, స్కూలు బస్సులకెళ్లి చూస్తే మన ఇల్లు ఏదో తెలుస్తలేదు. అన్ని ఒక్కతీర్గనే ఉన్నయ్. డాడీ లైట్లు పెడితే తెలుస్తుండె."

డాడీ లైట్లు. పోయిన దీపావళికి వేణు పసుపు కాంతి వచ్చే ఎల్‌ఈడీ దండ తెచ్చి, ఒక ఆదివారమంతా కూర్చుని బాల్కనీ రెయిలింగ్ చుట్టూ తనే అల్లాడు. తండ్రి సాయం రాబోతే, "నువ్వు కూసో నాయనా, ఇది మోటరు వైండింగ్ కాదు" అని నవ్వాడు. పండగ అయ్యాక రేపు తీస్తా, ఎల్లుండి తీస్తా అంటూనే కార్తీకం దాటించాడు, మాఘం దాటించాడు. ఎందుకంటే వాడికి ఒక లాభం కనిపించింది. సర్వీసు రోడ్డు మలుపు దగ్గర బండి ఆపి తలెత్తితే, వందల కిటికీల మధ్య తన ఇల్లు ఏదో ఇట్టే తెలిసిపోయేది.

దాంతో అదొక అలవాటైంది. సాయంత్రం ఏడు కాగానే సక్కుబాయి స్విచ్ వేసేది. మలుపు దగ్గర్నుంచి వేణు ఫోను చేసేవాడు: "అమ్మా, లైటు కనబడ్డది. అన్నం పెట్టు." అక్కడి నుంచి ఇంటికి పన్నెండు నిమిషాలు. పళ్లెంలో అన్నం పొగలు కక్కుతూ ఉండగానే తలుపు గంట మోగేది. మార్చిలో ఆ రోజు కూడా సక్కుబాయి ఏడింటికే స్విచ్ వేసింది. ఫోను మాత్రం రాలేదు. మర్నాడు మధ్యాహ్నం ఎండలో కూడా ఆ లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ఎవరో పొరుగామె వచ్చి ఆర్పింది. ఆ తరువాత ఆ స్విచ్‌ను ఎవరూ ముట్టుకోలేదు.

"ఇయ్యాల సాయంత్రం అచ్చి నేనే ఎలిగిస్త" అంది రోహిణి, బ్యాగు భుజాన వేసుకుంటూ.

"నేను ఒద్దంటున్న గద!"

"ఎనిమిది నెలల సంది అన్నిటికి ఒద్దే గద అత్తమ్మా. టీవీ ఒద్దు, పూలు ఒద్దు, పిల్ల పుట్టినరోజు ఒద్దు. మా అన్న బోరబండకు వచ్చి ఉండుమని ఎప్పటిసంది అంటున్నడు. గాడికే పోత. అక్కడైతే నవ్వనీకి, ఏడ్వనీకి పర్మిషన్ అడుగుడుండదు."

 అత్తాకోడళ్లిద్దరూ ఒకేసారి రామచంద్రం వైపు తిరిగారు.

"ఏమయ్యో, నువ్వు చెప్పరాదు?"

"మామయ్యా, మీరన్న చెప్పుండి."

రామచంద్రం వంగి, అప్పటికే కట్టేసి ఉన్న లేసును విప్పి మళ్లీ కట్టడం మొదలుపెట్టాడు. ఆయనది మొదటి నుంచీ గోడ మీద పిల్లి వాటమే. కింద క్యాబ్ హారన్ కొట్టింది. రోహిణి పిల్ల చెయ్యి పట్టుకుని లిఫ్టు వైపు నడిచింది.

*

రామచంద్రానికి కరెంటు కొత్త కాదు. బాలానగర్‌లో ముప్పై నాలుగేళ్లు మోటారు వైండింగ్ చేశాడు. కాలిపోయిన మోటారు విప్పి, మాడిన రాగితీగ పీకేసి, కొత్త తీగ చుట్టుకు చుట్టు లెక్కపెట్టి చుట్టి మళ్లీ తిప్పించడం ఆయన పని. గల్లీ వినాయకుడి మండపానికి ఏటా సీరియల్ బల్బులు కట్టేదీ ఆయనే. రాత్రి భజన మొదలయ్యే వేళకు, ఫ్యాను రెగ్యులేటర్ ఒకటి మధ్యలో పెట్టి, బల్బులన్నిటినీ నిప్పుకణికల్లా తగ్గించేవాడు. వేణు చిన్నప్పుడు ఆ రెగ్యులేటర్ తిప్పే ఉద్యోగం కోసం తండ్రి మోకాలు పట్టుకుని వేలాడేవాడు.

ఆ మధ్యాహ్నం ఆయన బాల్కనీలో కూర్చుని ఆలోచించాడు. లైట్లు పూర్తిగా వెలిగిస్తే పెళ్లాం ఏడుస్తుంది. అసలు వెలిగించకపోతే కోడలు ఏడుస్తుంది, వెళ్లిపోయినా వెళ్లిపోతుంది, పిల్లను తీసుకుని. సగం వెలిగిస్తే? పామూ చావదు, కర్రా విరగదు. ఈ ముక్క తట్టగానే, కొడుకు పోయాక మొదటిసారి, ఆయన చేతులకు ఒక పని కావాలనిపించింది.

సక్కుబాయి మనుమరాలిని స్కూలు బస్సు నుంచి దింపుకోవడానికి కిందికి దిగింది. రామచంద్రం మంచం కిందికి వంగి పనిముట్ల సంచీ లాగాడు. ఎనిమిది నెలల దుమ్ము. అడుగున ఒక ఫ్యాను రెగ్యులేటర్ ఉంది. బాల్కనీ గోడకున్న ప్లగ్గులో లైట్ల తాలూకు నల్లటి అడాప్టర్ గుచ్చి ఉంది. దాన్ని పీకి, ప్లగ్గుకూ అడాప్టర్‌కూ మధ్య రెగ్యులేటర్ పెట్టి, తీగలు మెలిపెట్టి, టేపు చుట్టి, స్విచ్ వేశాడు.

లైట్లు వెలిగాయి. అయిదు మీద నిండుగా. నాలుగు మీదా అంతే నిండుగా. మూడు మీదా మార్పు లేదు. "ఏందిది, మొండిది" అని గొణిగి రెండు మీదికి తిప్పాడు. దండ మొత్తం గజగజ వణికినట్టు కొట్టుకోసాగింది. తీగ వదులుగా ఉందేమోనని అడాప్టర్‌ను బొటనవేలితో నొక్కి పట్టుకున్నాడు. చిట్ మని చప్పుడైంది. వేలు చురుక్కుమంది. లైట్లన్నీ ఒకేసారి ఆరిపోయాయి. అయిదుకు తిప్పాడు. రెగ్యులేటర్ తీసేసి నేరుగా ప్లగ్గులో పెట్టాడు. వెలగలేదు.

మాడిన వాసన ఆయనకు బాగా తెలిసిన వాసనే. ముప్పై నాలుగేళ్లు ఊళ్లోవాళ్ల మోటార్లలో పీల్చాడు. తన చేత్తో తన కొడుకు వస్తువును కాల్చుకున్న వాసన మాత్రం ఇదే మొదటిసారి. కొడుకు అల్లిన ఆ దండ వైపు చూడలేకపోయాడు. గబగబా అడాప్టర్‌ను ఎప్పటిలాగే ప్లగ్గులో గుచ్చి, రెగ్యులేటర్‌ను సంచీలో పడేసి, సంచీని మంచం కిందికి తోసేశాడు.

సక్కుబాయి పిల్లతో లోపలికి రాగానే ముక్కు ఎగబీల్చింది. "ఏందో కాలిన వాసన అస్తున్నది."

"పక్కింటోళ్లు ఏమన్న మాడగొట్టుకున్నరేమో" అన్నాడు రామచంద్రం. ఆమె మంచం వైపు ఒకసారి, ఆయన బొటనవేలి వైపు ఒకసారి చూసి, పిల్లకు పాలు కలపడానికి వెళ్లింది.

*

రోహిణి ఏడింటికి వచ్చింది. బ్యాగు కూడా దించకుండా నేరుగా బాల్కనీలోకి నడిచి స్విచ్ వేసింది. మళ్లీ ఆర్పి వేసింది. వంగి అడాప్టర్ ముట్టుకుని, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది ఎవరు చేసిన్రు?"

ఎదుటి టవర్లలో అప్పటికే ఎరుపు, నీలం, ఆకుపచ్చ లైట్లు కిందికి జారుతూ పైకి పాకుతూ ఉన్నాయి. 

"పొద్దున నేను ఎలిగిస్తనన్న. సాయంత్రానికి కాలిపోయింది. ఎనిమిది నెలలు ఏం కాలేదు, ఇయ్యాలనే కాలిందా? అత్తమ్మా, మీరు చేసిన్రా?"

సక్కుబాయి బిత్తరపోయింది. "నేనా? నాకేం ఎరుక..." అంటూ తిరిగి భర్త వైపు చూసింది. రామచంద్రం సోఫా చివర కూర్చుని, కుడి బొటనవేలిని ఎడమ గుప్పిట్లో దాచుకుని ఉన్నాడు. మంచం కిందనుంచి సంచీ పట్టీ ఒకటి బయటికి జారి ఉంది. ఆమె మాట మధ్యలో ఆగింది. మొహం మారింది.

"అవ్, నేనే చేసిన" అంది.

"మీరా?"

"అవ్. ఒద్దన్న, నువ్వు ఇనలె. గందుకే చెడగొట్టిన. ఇగ ఊకో."

రోహిణి అరుస్తుందనుకున్నాడు రామచంద్రం. అరిచి ఉంటే బాగుండేది. ఆమె గొంతు ఇంకా తగ్గింది. "ఆయన చేతులతోటి చేసినయి ఈ ఇంట్ల ఇంకేమున్నయ్ అత్తమ్మా? అంగీలు ఉన్నయ్, అవి కొన్నయి. ఫోటో ఉన్నది, అది ఎవరో తీసింది. ఇదొక్కటే ఆయన కూసోని చేసింది. మీ కొడుకే గద. మీకు చేతులెట్ల వచ్చినయ్?"

సక్కుబాయి నేల చూసింది. రామచంద్రం నోరు తెరిచాడు. 'నేను బిడ్డా, నేను' అన్న రెండు మాటలు. గొంతు దాకా వచ్చాయి. ముప్పై నాలుగేళ్ల పనితనం, మండపం దగ్గర జనం పొగడ్తలు, "ఇది మోటరు వైండింగ్ కాదు నాయనా" అన్న కొడుకు నవ్వు, అన్నీ అడ్డం పడ్డాయి. మింగలేక కక్కలేక అలాగే కూర్చుండిపోయాడు. సిగ్గు మనిషిని ఎంత పిరికివాణ్ని చేస్తుందో ఆ పూట ఆయనకు అర్థమైంది.

మర్నాడు పొద్దున రోహిణి పిల్ల బట్టలు రెండు సంచుల్లో సర్దింది. "పండుగ సెలవులే గద. బోరబండల ఉంట. సోమవారం స్కూలు తెరుస్తరు. ఆదివారం వరకు ఆలోచించి, ఇక్కడికి వస్తనో, అక్కడ్నే స్కూలు చూస్తనో చెప్త" అంది, ఎవరి వైపూ చూడకుండా. దేవిశ్రీ లిఫ్టులోంచి చెయ్యి ఊపింది. తలుపులు మూసుకున్నాయి.

*

 పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా సక్కుబాయి చూస్తూ నిలబడింది. రామచంద్రమే వెళ్లి స్టవ్ కట్టేశాడు.

"ఎందుకు చెప్పినవ్ గట్ల? చేసింది నేను."

"నాకు ఎరుకే."

"మరి?"

సక్కుబాయి గుడ్డతో పాలు తుడుస్తూ చెప్పింది. "పిల్లగాడు పోయిన్నాటిసంది నువ్వు ఆ సంచి ముట్టలె. ఫ్యాను కిర్రుకిర్రుమంటున్నా లేవలె. మనిషి ఉన్నడో పోయిండో తెల్వకుంట కూసున్నవ్. నిన్న సంచి పట్టీ బయటికి కనబడితే, అమ్మయ్య, ఈనె లేచిండు అనుకున్న. లేచినోన్ని లేచిన్నాడే కోడలు ముందట కూలగొట్టుమంటవా? నన్ను ఎట్లాగూ అంటున్నది. ఇంకో మాట అంటది. అననియ్."

రామచంద్రం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నలభై ఏళ్ల కాపురంలో ఆమె ఆయన మెతకతనాన్ని ఎన్నిసార్లు వెక్కిరించిందో లెక్క లేదు. దాని బరువు కూడా తనే మోస్తోందని ఈ రోజు దాకా ఆయనకు తోచలేదు.

"ఇంకో ముచ్చట చెప్త ఇను" అంది ఆమె. "ఏడాది ఎల్లలేదు, నలుగురు ఏమంటరు అని అంటున్న గని, అది కాదు. నలుగురిని ఎవడు అడిగిండు? ఆ లైటు ఎలిగితే నా చెవులు ఫోను దిక్కు పోతయ్, నా కండ్లు తలుపు దిక్కు పోతయ్. పన్నెండు నిమిషాలు చూస్త. వాడు రాడు. మల్ల పన్నెండు నిమిషాలు చూస్త. రోజు సాయంత్రం వాణ్ని మల్లమల్ల పోగొట్టుకోవాల్నా నేను? ఇది ఆ పిల్లకు ఎట్ల చెప్పాలె? దాని ఏడుపు దానికున్నది."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. రామచంద్రం ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఇద్దరూ ఆ చిన్న వంటింట్లో, పాల వాసన మధ్య, చాలాసేపు అలాగే నిలబడి ఏడ్చారు. ఎనిమిది నెలల్లో ఇద్దరూ కలిసి ఏడవడం అదే మొదటిసారి.

*

ఆ రోజు పదకొండింటికే ఆయన కాలిన అడాప్టర్‌ను జేబులో వేసుకుని, రెయిలింగ్ నుంచి విప్పకుండానే లైట్ల దండ కొస ఎలా ఉందో ఫోనులో ఫోటో తీసుకుని, కిందికి దిగాడు. టవర్ ఎలక్ట్రీషియన్ మహేందర్ సంగారెడ్డి వైపు మనిషి. కరెంటు గదిలో కూర్చుని సద్ది తింటున్నాడు. రామచంద్రం చెప్పిందంతా విని, అడాప్టర్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"రెగ్యులేటర్ దీనికి ముందట పెట్టినవా కాకా?"

"అవ్. సీరియల్ బల్బులకు అట్లనే పెడుతుంటిమి."

"అవి తీగ బల్బులు. కరెంటు తగ్గిస్తే అవి తగ్గుతయ్. ఇది అట్ల కాదు. నువ్వు ముందట ఎంత తగ్గిచ్చినా ఈ అడాప్టర్ ఇంకింత గుంజుకొని లైట్లకు ఇచ్చేది ఇస్తనే ఉంటది. బయటికి ఏం కనబడదు. ఇగ చాతకాని కాడికి అచ్చినంక కొట్టుకుంటది, కాలుతది."

రామచంద్రానికి ఎందుకో సక్కుబాయి కళ్లముందు మెదిలింది.

"దీనికి డిమ్మర్ అని చిన్న డబ్బా వస్తది" అన్నాడు మహేందర్. "అడాప్టర్‌కు, లైట్లకు నడుమ పెట్టాలె. అప్పుడు ఎంత కావాల్నంటే అంత తగ్గించుకోవచ్చు."

"లైట్లు కాలిపోయినయ్ గద, ఇంక డిమ్మర్ ఎందుకు?"

"లైట్లు కాలినయని ఎవరన్నరు? అడాప్టర్ కాలింది. జర పా, చూద్దాం."

పైకి వచ్చి, తన దగ్గరున్న ఇంకో పన్నెండు వోల్టుల అడాప్టర్‌ను దండ కొసకు తగిలించాడు మహేందర్. పట్టపగటి వెలుతురులో పసుపు చుక్కలు ఒక్కటి తక్కువ కాకుండా వెలిగాయి. రామచంద్రం బాల్కనీ గచ్చు మీద కూలబడ్డాడు. "ఏంది కాకా, పానం బాగలేదా?" అని మహేందర్ కంగారుపడ్డాడు. "బాగుంది బిడ్డా. ఇయ్యాల్నే బాగైంది" అన్నాడాయన, కళ్లు తుడుచుకుంటూ. లోపల గుమ్మం దగ్గర నిలబడ్డ సక్కుబాయి వెలుగుతున్న లైట్లను ఒక్క క్షణం చూసి, మొహం తిప్పుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం రామచంద్రం బస్సెక్కి బాలానగర్ వెళ్లాడు. తెలిసిన దుకాణంలో కొత్త అడాప్టర్, అగ్గిపెట్టెంత డిమ్మర్ కొన్నాడు. అక్కడి నుంచి బోరబండ దగ్గరే. కోడలి పుట్టింటి గుమ్మం ముందు ఆటో దిగేసరికి, వియ్యపురాలు నీలమ్మ ముగ్గు గిన్నె పట్టుకుని బయటే ఉంది. "రాండి అన్నయ్యా" అంది గానీ మొహంలో నవ్వు లేదు. ఆ ఇంట్లోనూ అల్లుడు పోయిన దుఃఖమే.

రోహిణి కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు.

"బిడ్డా, లైట్లు కాలబెట్టింది మీ అత్తమ్మ కాదు. నేను."

రోహిణి అర్థం కానట్టు చూసింది. ఆయన మొత్తం చెప్పాడు. సగం వెలుగు ఉపాయం, రెగ్యులేటర్, నొక్కి పట్టుకున్న వేలు. కమిలిన బొటనవేలిని చూపించాడు కూడా, చిన్నపిల్లవాడు టీచరుకు చూపించినట్టు.

"మరి నిన్ననే ఎందుకు చెప్పలే మామయ్యా?" రోహిణి గొంతు పెరిగింది. "ఎన్ని మాటలన్న ఆమెను! చేతులెట్ల వచ్చినయ్ అన్న. మీరు పక్కనే కూసున్నరు. కూసోని ఇన్నరు!"

"సిగ్గైంది బిడ్డా. వాని వస్తువు నా చేత కాలిందని చెప్పనీకి నోరు రాలె."

"ఆమె ఎందుకు నెత్తినేసుకుంది?"

ఆయన అదీ చెప్పాడు. తలుపు దిక్కు పోయే కళ్ల గురించీ, పన్నెండు నిమిషాల గురించీ చెప్పాడు. చెబుతుంటే నీలమ్మ ముగ్గు గిన్నె కింద పెట్టేసి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. రోహిణి మాత్రం ఏడవలేదు. కిటికీ ఊచలు పట్టుకుని అటు తిరిగి నిలబడింది.

"నేను ఆమెకు కొడుకు మీద ప్రేమ లేదనుకున్న" అంది చివరికి.

"ఇంటికి పోదామా బిడ్డా?"

"మీరు పోండి మామయ్యా. నాకు కోపం ఇంకా పోలే. ఎవరి మీదనో కూడ తెలుస్తలేదు. ఆదివారం అన్న గద, ఆదివారం వరకు ఉండనియ్యిండి."

దేవిశ్రీ వచ్చి ఆయన చేతిలోని సంచీలోకి తొంగి చూసింది. "డాడీ లైట్లు బాగైనయా తాతా?" ఆయన తలూపాడు. ఒంటరిగానే బస్సెక్కాడు.

*

దీపావళి వచ్చింది, పోయింది. టవర్లన్నీ మెరిశాయి, కింద పిల్లలు కాకరవత్తులు తిప్పారు. తొమ్మిదో అంతస్తులో ఒక్క బాల్కనీ మాత్రం చీకటిగా ఉండిపోయింది. రామచంద్రం డిమ్మర్ బిగించడమైతే బిగించాడు. అడాప్టర్ తర్వాత, లైట్లకు ముందు, చెయ్యి అందే ఎత్తులో. బిగించి, స్విచ్ వేయకుండా వదిలేశాడు. వెలిగించే హక్కు తనకు లేదనుకున్నాడు.

ఆదివారం పొద్దున సక్కుబాయి దేవిశ్రీ బడి యూనిఫాం ఉతికి ఇస్త్రీ చేసింది. పిల్ల డబ్బా కడిగి బోర్లించింది. సాయంత్రం అయిదైంది, ఆరైంది. రోహిణి దగ్గర్నుంచి ఫోను లేదు. రామచంద్రం రెండుసార్లు చేయబోయి, మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు. అడిగి రప్పించుకుంటే అది రావడం కాదు.

ఏడు కావస్తుండగా సక్కుబాయి లేచి బాల్కనీలోకి వెళ్లింది. చాలాసేపు స్విచ్ ముందు నిలబడింది. తరువాత వేసింది.

డిమ్మర్ అన్నిటికన్నా తక్కువ మీద ఉంది. రెయిలింగ్ పొడవునా సన్నటి పసుపు చుక్కలు, పొయ్యిలో బూడిద కింది నిప్పులా, ఉన్నాయా లేవా అన్నట్టు వెలిగాయి. ఆమె రెండు చేతులతో కొంగు బిగించి పట్టుకుంది. కళ్లు తలుపు వైపు వెళ్లబోయాయి. ఆపుకుంది.

"ఇట్లనైతే ఓర్చుకుంటవా?" అన్నాడు రామచంద్రం వెనకనుంచి.

"ఓర్చుకుంట." రోడ్డు వైపు వంగి చూసి అడిగింది. "ఇది రోడ్డు మీదికి కనబడుతదా?"

"ఇంత సన్నగుంటే కనబడదు. నలుగురు ఏమంటరని ఫికర్ చెయ్యకు."

"నలుగురి గురించి కాదయ్యా. మలుపు కాడికి కనబడుతదా అని."

రామచంద్రానికి ఎవరి కోసం అడుగుతోందో, అడగడానికి ఆమెకెంత కష్టంగా ఉందో అర్థమైంది. "తిప్పాలె" అన్నాడు, డిమ్మర్ చూపిస్తూ. "కుడిదిక్కు."

ఆమె కొంచెం తిప్పింది. చుక్కలు కాస్త విచ్చుకున్నాయి. ఊపిరి పీల్చుకుని ఇంకొంచెం తిప్పింది. వెలుతురు ఆమె చేతుల మీదికి, మొహం మీదికి పాకింది. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. పూర్తిగా తిప్పి, చెయ్యి తీసేసి, గోడకానుకుని కూర్చుంది.

పన్నెండు నిమిషాలు గడిచాయి. ఇంకో పన్నెండు గడిచాయి. తలుపు వైపు చూడకుండా రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది. కింద బండ్ల లైట్లు వరసగా పోతున్నాయి. ఎనిమిది దాటింది. "ఇగ లోపలికి రా సక్కూ" అన్నాడు రామచంద్రం మెల్లగా. ఆమె కదల్లేదు.

అప్పుడు హాల్లో ఆమె ఫోను మోగింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ లైట్లు వెలుగుతుండగా ఆ ఫోను మోగి ఎనిమిది నెలలైంది. రామచంద్రమే తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. అవతల కొంచెంసేపు బండ్ల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఆ వెనకాల దేవిశ్రీ గొంతు, "అగో, అగో మమ్మీ, అదే మనది!"

"అత్తమ్మా" అంది రోహిణి. ఏడుస్తున్నట్టుంది, మాట విడిపోతోంది. "మలుపు కాడ ఉన్నం. వస్తనో రానో నాకే తెల్వకుండె. ఆటో ఆపిచ్చి చూసిన. అత్తమ్మా... లైటు కనబడ్డది."

సక్కుబాయి ఫోనును రెండు చేతులతో చెవికి అదిమి పట్టుకుంది. రామచంద్రం పక్కన కూర్చుని ఆమె వీపు నిమిరాడు.

"అత్తమ్మా, ఉన్నరా?"

"ఉన్న బిడ్డా" అంది సక్కుబాయి. "రాండ్రి. అన్నం పెడుత."

ఫోను భర్తకు ఇచ్చి, గోడ పట్టుకుని లేచి, వంటింట్లోకి నడిచింది. పొయ్యి వెలిగించిన చప్పుడైంది. మూడు పళ్లాలు తీసి, కడిగి, దేవిశ్రీకి ఇంకో చిన్న పళ్లెం తీసింది.